టైలర్ దగ్గర మిగిలిన ముక్కలు, పాత చీరలతో అతుకుల బొంత: కొలతలతో కుట్టాలా, చేతికొచ్చినట్టు కుట్టాలా?

ఖాళీబాబిన్ (గుంటూరు):

అందరికీ నమస్తే. ఇక్కడ ఎక్కువ మగ్గం వర్కు, బ్లౌజు కటింగుల గురించే నడుస్తుంది కదా, నాది కొంచెం వేరే డౌటు. మా వీధి చివర లేడీస్ టైలర్ అక్క ఉంటుంది, సాయంత్రానికి ఆవిడ మిషన్ కింద సంచెడు ముక్కలు పోగవుతాయి, పొద్దున్నే చెత్తబండిలో వేసేస్తుంది. ఒకసారి బ్లౌజు తెచ్చుకోవడానికి వెళ్లి చూస్తే ఆ పోగులో మంగళగిరి, ఇకత్, కలంకారీ, ఎంత బాగున్నాయో, అడిగితే "తీసుకుపో తల్లీ, నాకు ఊడ్చే పని తప్పుతుంది" అంది. అలా తెచ్చుకోవడం మొదలెడితే ఇప్పుడు మంచం కింద సంచులు పట్టట్లేదు. ఇవి కాక అమ్మ పాత కాటన్ చీరలు, నాన్న లుంగీలు, పాప పొట్టయిపోయిన స్కూల్ యూనిఫాములు.

వీటితో అతుకుల బొంత కుడదామని ఆశ. వీడియోలు చూస్తే గుండ్రం బ్లేడు కట్టర్లు, పచ్చ చాపలు, గళ్ల స్కేళ్లు, మధ్యలో వేసే దూది షీట్లు, అవన్నీ కొంటే బొంత కంటే సామాను ఖరీదు ఎక్కువయ్యేట్టుంది. నా దగ్గర ఉన్నది తొక్కుడు మిషను, కత్తెర, టేపు, అంతే. మా ఆయనేమో ఆన్‌లైన్లో ఆరొందలకి దుప్పటి వస్తుంటే నీకెందుకు ఈ నడుం నొప్పి అంటాడు (అంటూనే ఆ ఇకత్ ముక్కలు తీసి పక్కపక్కన పెట్టి చూస్తున్నాడు, నేను చూశాను). నిజంగా కుట్టినవాళ్లు చెప్పండి, ఎక్కడ మొదలెట్టాలి? అన్నీ ఒకే సైజు చదరాలు కోసుకోవాలా, ఉన్న ముక్క ఉన్నట్టు పెట్టేయొచ్చా?

తెనాలి_కత్తెర:

అమ్మా, ముందు ఆ సంచులు నేల మీద బోర్లించండి. రంగుల వారీగా పేర్చాలని చెయ్యి లాగుతుంది, ఆగండి, ముందు గుడ్డ వారీగా వేరు చెయ్యాలి. కాటన్ ఒక పోగు, టెరికాటన్ ఒక పోగు, పట్టు ఒక పోగు, జార్జెట్ షిఫాన్ లాంటి జారే సరుకంతా ఒక పోగు. ఎందుకంటారా, కాటన్ మొదటి ఉతుకుకే ముడుచుకుంటుంది, టెరికాటన్ ముడుచుకోదు, రెండూ పక్కపక్కన కుట్టి ఉతికితే కుట్టు పొడవునా ముడతలు తేలతాయి, ఎంత ఇస్త్రీ చేసినా పోవు. మీ పాప యూనిఫాములు చాలా వరకు టెరికాటనే అయ్యుంటాయి, పారెయ్యకండి, వాటితో విడిగా సంచులో కాళ్లు తుడుచుకునే పట్టాలో కుట్టుకోవచ్చు.

ఏ గుడ్డో తెలీకపోతే దాన్లోంచి ఒక్క దారప్పోగు లాగి పళ్లెంలో పెట్టి అగ్గిపుల్ల చూపించండి. కాటన్ అయితే కాగితం కాలిన వాసనొచ్చి బూడిద పొడిగా రాలుతుంది, పాలిస్టరు కరిగి గట్టి ఉండ కడుతుంది, అసలు పట్టు వెంట్రుక కాలిన వాసనొస్తుంది. మా షాపులో కుర్రాళ్లకి మొదట నేర్పేది ఇదే.

ఇంకోటి, టైలర్ దగ్గరి ముక్కల్లో సగం ఐమూలే, అంటే పోగుల వెంబడి కాకుండా ఏటవాలుగా కోసినవే ఉంటాయి, ముఖ్యంగా క్రాస్ బ్లౌజులు కోసినప్పుడు మిగిలినవి. చంక దగ్గరి వంపు ముక్కలూ అంతే. ఐమూల అంచు పట్టుకుని లాగితే సాగుతుంది చూడండి, అది అలాగే కుడితే బొంత ఒకవైపు ఉబ్బి ఒకవైపు వంకరపోతుంది. ముక్క తీసుకోగానే పడుగు (నిలువు పోగులు) ఎటు, పేక (అడ్డు పోగులు) ఎటు చూసి దాని వెంబడి కోయండి. చిన్నదైపోతుందని బాధపడకండి, చిన్న ముక్కకి కూడా పని ఉంటుంది. ఇస్త్రీ కూడా రుద్దకూడదు, పెట్టి నొక్కి ఎత్తాలి, రుద్దితే సాగుతుంది.

తొక్కుడు మిషనే ఈ పనికి నయం, స్పీడు మన కాళ్లలో ఉంటుంది కాబట్టి. సాదా కాటన్‌కి 14 నంబరు సూది, మరీ పల్చటి వాటికి 11, మూడు పొరలు కలిపి కుట్టేటప్పుడు 16. కొత్త సూది వెయ్యండి, మొండి సూదితో కుట్టి చాలామంది మిషను మీద నేరం వేస్తారు.

రేణుక_హన్మకొండ:

చెల్లె, గిన్ని పరేషాన్లు ఎందుకే. మా అవ్వ టేపు పట్టంగ నేనెన్నడు చూడలే. ఎండకాలం బడికి సెలవులిస్తే చాలు వాకిట్ల శాప ఏసి, కింద ఒక పాత చీర, మధ్యల రెండో మూడో పాత చీరలు, పైన ముక్కలు, నాలుగు మూలలకు రాళ్లు పెట్టి పెద్ద టాకాలు ఏసేది. టాకాలు పడ్డంక రాళ్లు తీసేసి ఇద్దరు ముగ్గురు ఆడోళ్లు తలా ఒక దిక్కు కూసొని రన్నింగ్ కుట్టు ఏసుకుంట పోతరు, వరుసకు వరుసకు మధ్య వేలెడు జాగ. కుట్టేది తక్కువ ముచ్చట ఎక్కువ. ఎవరి పెండ్లి ఎందుకు చెడిందో, ఏ కోడలు ఏమన్నదో, మాకు ఊరి సంగతులన్ని బొంత కాడనే తెలిసినయి.

నువ్వు దూది షీటు కొనకు. మన ఎండలకు అది కప్పుకుంటే ఉడికిపోతం. మధ్యల పాత కాటన్ చీర చాలు, మెత్తగ ఉంటది, ఉతికినా ఉండలు కట్టది. కని పొరలు మరీ ఎక్కువ ఏస్తే తడిసినంక ఇద్దరు పట్టినా లేవదు, అది మాత్రం యాదుంచుకో. ఈ రోజుల్ల వాషింగ్ మిషన్ల పట్టాలె కదా, మూడు పొరలు మించకు.

చీరల అన్ని జాగలు ఒక్క తీరుగ ఉండవు. కుచ్చిళ్ల కాడ, కాళ్ల కాడ అంచు నలిగి పల్చగైతది, కొంగు దిక్కు మస్తు గట్టిగ ఉంటది. వెలుగుకు అడ్డంపెట్టి చూడు, జల్లెడ లెక్క కనిపిస్తే దాన్ని మధ్య పొరకు ఏసెయ్, గట్టిది పైకి కొయ్. జరీ అంచు అయితే పైన పెట్టకు, గీరుకుంటది, చిన్న పిల్లలకు అసలే వద్దు. కొత్తగ పుట్టినోళ్లకు పాత చీర బొంతలే ఎందుకు కుడతరంటే గదే, ఎన్నో ఉతుకులు పడ్డ గుడ్డల గంజి బిరుసు ఇంత కూడా ఉండది.

క్విల్టు_పిచ్చి (షార్లెట్, నార్త్ కరోలినా):

రేణుకగారూ మీ పోస్టు చదివితే మా అమ్మమ్మగారి పెరడు కళ్ల ముందుకొచ్చింది, కానీ కొలతల విషయంలో కొంచెం ఒప్పుకోను, తిట్టుకోకండి. పొరలు పరిచి పైనుంచి కుట్టే బొంతకి కొలత అక్కర్లేదు నిజమే. కానీ చదరాలు ఒకదానికొకటి మిషన్ మీద జోడించి పైపొర తయారుచేసే పద్ధతికి కొలత లేకపోతే మూలలు కలవవు.

ఇక్కడ క్విల్టింగ్ వాళ్లు అంతా పావు అంగుళం కుట్టు అంటారు, అంటే గుడ్డ అంచు నుంచి పావు అంగుళం లోపల కుట్టు పడాలి. మూడున్నర అంగుళాల చదరం కోస్తే అటు పావు ఇటు పావు పోయి కుట్టాక మూడు అంగుళాలు కనబడుతుంది. అలాంటివి తొమ్మిది, మూడు వరుసలుగా కుడితే తొమ్మిది అంగుళాల బ్లాకు. దీన్నే నైన్ ప్యాచ్ అంటారు, కొత్తవాళ్లకి ఇంతకంటే మంచిది లేదు. ఇప్పుడు మీ కుట్టు ఆ పావు కంటే ఇంకో అంగుళంలో పదహారో వంతు లోపలికి జరిగిందనుకోండి, కంటికి తెలీదు, కానీ ఒక్కో కుట్టుకి రెండు వైపులా కలిపి ఎనిమిదో వంతు పోతుంది, బ్లాకుకి రెండు కుట్లు కాబట్టి పావు అంగుళం, నాలుగు బ్లాకుల వరుసకి అంగుళం పైనే తేడా. పక్క వరుస సరిగ్గా కుట్టి ఉంటే రెండూ కలవవు, లాగి కుట్టాల్సి వస్తుంది. అందుకని మిషన్ ప్లేటు మీద సూది నుంచి పావు అంగుళం కొలిచి ప్లాస్టర్ ముక్క అంటించండి, గుడ్డ అంచు దాన్ని ఆనుకుని వెళ్తే చాలు. కట్టరూ చాపా అక్కర్లేదు, అట్టముక్కతో మూడున్నర చదరం చేసుకుని దాని చుట్టూ సుద్దతో గీసి కత్తెరతో కోసుకోండి.

మొదటిది పెద్దది పెట్టుకోవద్దు. సింగిల్ మంచానికి అరవై బై తొంభై బొంత ఈ సైజులో అంటే 600 చదరాలు, చాలామంది అక్కడే సంచి కట్టి అటక మీద పెట్టేస్తారు. ముప్పై ఆరు బై ముప్పై ఆరు పిల్లల బొంత అయితే పదహారు బ్లాకులు, 144 చదరాలు, అది అవుతుంది.

రంగుల గురించి ఒక్క మాట. మనకి ఎరుపు పక్కన ఆకుపచ్చ పెడితే తేడా బాగా కనిపిస్తుంది అనుకుంటాం, కానీ రెండూ ఒకే ముదురులో ఉంటే దూరం నుంచి కలిసిపోతాయి. ముక్కలు పరిచాక ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీసి చూడండి, ముదురు ఏదో లేత ఏదో తేలిపోతుంది. నాకు ఈ హాబీలో కుట్టడం కంటే ఈ పరుచుకోవడమే ఎక్కువ ఇష్టం, శనివారం పొద్దున హాల్లో నేల మీద పరిచి మధ్యాహ్నం వరకు అటుది ఇటు ఇటుది అటు, ఇంట్లో వాళ్లు గోడవారగా నడుస్తారు పాపం.

దివాకరం_గారు:

ఏమీ అనుకోకపోతే ఒక అనుమానం. మా కోడలు కూడా ఈ క్విల్టులు మొదలెట్టింది. బజారుకెళ్లి కొత్త గుడ్డ మీటర్ల లెక్కన కొనుక్కొచ్చి, దాన్ని ముక్కలు చేసి, మళ్లీ ఆ ముక్కలన్నీ కుడుతోంది. ముక్కలు చెయ్యకుండా అలాగే కప్పుకుంటే సరిపోయేది కదా?

క్విల్టు_పిచ్చి (షార్లెట్, నార్త్ కరోలినా):

దివాకరంగారూ 😂 ఇక్కడ ఇంకా ముదిరింది, రెండున్నర అంగుళాల పట్టీలుగా ముందే కోసి 40 చుట్టి అందంగా ప్యాక్ చేసి అమ్ముతారు, జెల్లీ రోల్ అంటారు, నా బీరువాలోనూ ఉన్నాయి కాబట్టి గట్టిగా మాట్లాడలేను.

కానీ ఇక్కడా మొదలైంది లేనితనం నుంచే. అలబామాలో నది మెలిక తిరిగేచోట గీస్ బెండ్ అని చిన్న ఊరు ఉంది, అక్కడి నల్లజాతి ఆడవాళ్లు పత్తి చేలల్లో పని చేసి చిరిగిపోయిన జీన్సు ప్యాంట్లు, చొక్కాలు కోసి చలికి బొంతలు కుట్టుకునేవాళ్లు. ప్యాంటు మోకాలి దగ్గర వెలిసిపోయిన చోటు, జేబు ఊడదీసిన చోట ముదురు నీలం మరక, అన్నీ అలాగే డిజైన్‌లో కనిపిస్తాయి. గీతలు తిన్నగా ఉండవు. ఆ బొంతల్నే 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో, తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో గోడలకి పెట్టారు, 2006లో పోస్టల్ స్టాంపులు కూడా వచ్చాయి. సరిగ్గా కుట్టడం రాక కాదు, వాళ్ల చూపే అది. రేణుకగారూ, ఈ పాయింటు మీకే వదిలేస్తున్నా.

రేణుక_హన్మకొండ:

చూసినవా, మా అవ్వకు మ్యూజియం దొరకలే గంతే 😄

ఖాళీబాబిన్ (గుంటూరు):

ఇన్ని రిప్లైలు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్ అండి. అన్నగారూ మీరు చెప్పినట్టు అగ్గిపుల్ల పెట్టి చూశాను, నేను పట్టు అనుకున్న వాటిలో చాలా వరకు పట్టు కాదు, కరిగి ఉండ కట్టాయి 😐 టైలరక్కకి చెప్తే నవ్వుతూనే ఉంది.

ఇంకో రెండు డౌట్లు. కలంకారీ ముక్కలు ముదురు ఎరుపు నలుపు ఉన్నాయి, పక్కన తెల్ల మంగళగిరి పెడితే రంగు దిగుతుందా? ఉప్పునీళ్లలో నానబెడితే సరిపోతుందా? ఇంకా, మరీ చిన్న ముక్కలు, అగ్గిపెట్టంత ఉన్నవి ఏం చెయ్యాలి, మూడున్నర చదరం రాదు వాటిలో, పారెయ్యబుద్ధి కావట్లేదు.

సరళ_మచిలీపట్నం:

మాది పెడన పక్కనే అండి, చెక్క అచ్చులతో అద్దకం వేసే ఇళ్ల మధ్య పెరిగాం, కలంకారీ గురించి నేను చెప్తాను. ఉప్పునీళ్ల మీద ఆశ పెట్టుకోకండి. రంగు గుడ్డకి సరిగ్గా పట్టకపోతే ఉప్పు దాన్ని పట్టించలేదు, పట్టి ఉంటే ఉప్పు అక్కర్లేదు. మొదట్లో అద్దకం పైన మిగిలిపోయిన రంగు కొంత దిగుతుంది, అది దిగేదాకా ఉతకడమే మార్గం. చిన్న ముక్కలు కాబట్టి దిండు గలీబులో వేసి మూతి కట్టి ఉతకండి, లేకపోతే పోగులన్నీ ఊడి ముద్దయిపోతాయి. నీళ్లు తేటగా వచ్చాక కూడా ఒక పరీక్ష ఉంది, ముక్కని తడిపి తెల్లగుడ్డ మీద పెట్టి వేడి ఇస్త్రీ నొక్కండి. తెల్లగుడ్డకి మరక పడితే ఆ ముక్క ఇంకా తయారవ్వలేదన్నమాట. ఎంత ఉతికినా దిగుతూనే ఉంటే దాన్ని ముదురు వాటితోనే కలపండి, తెలుపు పక్కన వద్దు. అచ్చులు వేసిన కలంకారీ అని అమ్మే వాటిలో స్క్రీన్ ప్రింటు కూడా చాలా వస్తుంది కాబట్టి అన్నీ ఒకేలా ఉంటాయనుకోకండి.

ఇంకో చిట్కా, పాత చీర ముక్కలు మెత్తగా జారిపోతూ కత్తెరకి లొంగవు కదా, కోసే ముందు పల్చగా గంజి పెట్టి ఆరేసి ఇస్త్రీ చెయ్యండి. కాగితంలా కోసుకోవచ్చు, కుట్టేటప్పుడు సాగదు, బొంత అయ్యాక మొదటి ఉతుకుకి గంజి పోతుంది. ఫారిన్ వాళ్లు దీనికి డబ్బాల్లో స్ప్రేలు కొంటారు, మనం అన్నం వార్చుకుంటే వచ్చేదే.

పల్లవి_హుబ్లీ:

నేను తెలుగే, ఇరవై ఏళ్లకి పైగా హుబ్లీలో ఉంటున్నాం. చిన్న ముక్కల డౌటుకి నాకు తెలిసింది చెప్తా. మా దగ్గర్నుంచి ఎల్లాపుర, హళియాళ వైపు వెళ్తే అడవి ఊళ్లలో సిద్ది వాళ్లు ఉంటారు, వందల ఏళ్ల కింద ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల వారసులు. వాళ్ల ఆడవాళ్లు కుట్టే బొంతల్ని కవంది అంటారు. పైపొర విడిగా జోడించే పనే లేదు. కింద ఒక పాత చీర పరిచి, ఒక మూల నుంచి మొదలెట్టి అంచు వెంబడి ముక్క మీద ముక్క పెట్టుకుంటూ, ముక్క అంచు లోపలికి మడిచి రన్నింగ్ కుట్టు వేసుకుంటూ, చుట్టూ తిరిగి తిరిగి లోపలికొస్తూ మధ్యలో ఆపుతారు. ముక్క అతికించే కుట్టూ, పొరలు కలిపే కుట్టూ ఒక్కటే. కాబట్టి ముక్క ఏ సైజైనా పర్లేదు, అగ్గిపెట్టంత దాన్ని పెద్దముక్క మీద కూడా పెట్టి కుట్టేస్తారు. చివర్లో నాలుగు మూలలకి రంగుగుడ్డని మడిచి త్రికోణాలుగా చేసి కుడతారు, వాటిని పూలు అంటారు, అవి లేకపోతే బొంత బట్టల్లేకుండా ఉన్నట్టేనట.

మీ దగ్గర ఉన్న సామానుకి ఇదే సూటవుతుంది అనిపిస్తుంది, సూది దారం ఉంటే చాలు. కానీ నిదానం, ఇద్దరు పడుకునే బొంత అయితే నెలలు పడుతుంది. టీవీ చూస్తూ కుట్టుకునే పని ఇది, లెక్క పెట్టుకునే పని కాదు.

తెనాలి_కత్తెర:

సన్నటి పొడుగు ముక్కలు, లైనింగు కోయగా మిగిలే పట్టీలు ఉంటే ఇంకో దారి ఉంది. పాత నోటుపుస్తకం కాగితం చదరంగా కోసి దాని మీద పట్టీలు ఒకదాని పక్కన ఒకటి మిషన్ మీద కుట్టుకుంటూ పోండి, నిండాక కాగితం అంచుకి సమానంగా కత్తిరించి వెనక కాగితం చింపెయ్యండి. ఐమూల ముక్క అయినా కాగితం పట్టుకుని ఉంటుంది కాబట్టి సాగదు. కుట్టు మాత్రం చిన్నది పెట్టండి, కాగితం చింపేటప్పుడు కుట్లు లాగేయకుండా ఉంటాయి. న్యూస్‌పేపరు వద్దు, సిరా తెల్లగుడ్డకి అంటుకుంటుంది.

ఖాళీబాబిన్ (గుంటూరు):

సరే నిర్ణయానికొచ్చా. కాటన్ ముక్కలతో, అట్ట పెట్టి మూడున్నర చదరాలు, మా ఆడపడుచుకి శ్రావణంలో డెలివరీ, ఆ బిడ్డకి ముప్పై ఆరు అంగుళాల బొంత మిషన్ మీద. కింద అమ్మ వెంకటగిరి చీర, అంచు తీసేసి. పెద్దది మాత్రం పల్లవిగారు చెప్పిన పద్ధతిలో చేత్తో, దానికి టైం పెట్టుకోను. నాన్న లుంగీలు ఆ రెండోదానికే. ఈ ఆదివారం నుంచి కోత. మా ఆయన్ని గంజి కాయడానికి పెట్టాను, ఇకత్‌కి గీతలు ఎటు పోవాలో ఆయనే చెప్తానంటున్నాడు, చెప్పనీ.

ఒక్కటి అడగడం మర్చిపోయా, బొంత చుట్టూ అంచు పట్టీ ఐమూలగా కోయాలా, నిలువుగా కోసినా చాలా?

తెనాలి_కత్తెర:

తిన్నటి అంచుకి నిలువు పట్టీ చాలమ్మా, రెండున్నర అంగుళాల వెడల్పు, మధ్యకి మడిచి కుట్టండి. మూలలు గుండ్రంగా తిప్పితేనే ఐమూల కావాలి. లుంగీ గుడ్డ దీనికి బాగా ఆగుతుంది.

రేణుక_హన్మకొండ:

పూర్తయినంక ఫొటో పెట్టు చెల్లె. ఇంక ఉతికినంక ఒక్క దండెం మీద ఏలాడదియ్యకు, తడి బరువుకు కుట్లు సాగుతయి. రెండు దండేల మీద పరిచినట్టు ఆరెయ్, లేకుంటే మంచం మీద. ఎర్రటి ఎండల తిరగేసి ఎయ్, పైన రంగులు ఎలిసిపోకుంట ఉంటయి.